సద్దు చెయ్యాకండి: చిన్నపిల్లలతో నాలుగు వారాల క్రిస్మస్ పాటలు, ఒక కేస్ స్టడీ

తిరుపతిలో ఒక ప్లేస్కూల్‌లో వారానికి మూడు రోజులు పాటల క్లాస్ తీసుకుంటా నేను. నేర్చుకున్నది కర్ణాటక సంగీతం, కానీ ఈ క్లాసులో గీతాలూ వర్ణాలూ ఏమీ ఉండవు, మూడేళ్ళ నుంచి ఐదేళ్ళ లోపు పిలకాయలు, చాప మీద గుండ్రంగా కూర్చుని ఇరవై నిమిషాలు పాడుకుంటాం, అంతే. పోయిన డిసెంబర్‌లో క్రిస్మస్ పాటలతో నాలుగు వారాలు చేసిన పని మొత్తం ఇక్కడ రాస్తున్నా. ప్రతి నవంబర్ చివర్లో తెలిసిన టీచర్లు ఫోన్ చేసి అడిగేది ఒకటే, "ఏ పాట పెడదాం మేడం, ట్రాక్ ఉంటే పంపండి" అని. ట్రాక్‌తో ఈ వయసు పిల్లలకి పని జరగదు అని ఫోన్‌లో రెండు ముక్కల్లో చెప్పడం నా వల్ల కావట్లేదు, అందుకే ఇంత పొడుగు.

ముందు దానికి ముందు సంవత్సరం సంగతి చెప్పాలి. అది వేరే స్కూలు. పెద్ద స్పీకర్లు, కరోకే ట్రాక్, ఎర్ర టోపీలు, దూది గడ్డాలు, అన్నీ బాగా కుదిరాయి అనుకున్నాం. స్టేజీ ఎక్కిన పాతిక మందిలో పాడింది నలుగురు. ఇద్దరు ఏడ్చారు, ఒక పాప గడ్డం పీకి నోట్లో పెట్టుకుంది, మిగతావాళ్ళు కింద అమ్మ యాడ ఉందా అని వెతుక్కుంటా నిలబడ్డారు. వెనక నుంచి ఎవరో "గట్టిగా పాడండి" అని అరుస్తుంటే పాడేవాళ్ళు కూడా అరవడం మొదలుపెట్టారు, శ్రుతి అన్నది ఎక్కడా లేదు. ట్రాక్ ఎంచింది నేనే. ఆ రాత్రి ఇంటికొచ్చి శ్రుతి పెట్టె పెట్టుకుని ఆ ట్రాక్ మళ్ళా విన్నా, అప్పుడు అర్థమైంది పిల్లల తప్పు ఏమీ లేదని. అది జింగిల్ బెల్స్ ట్రాక్, 5 శ్రుతిలో ఉంది. శ్రుతి అంటే పాటకి స పెట్టుకునే చోటు, హార్మోనియం తెల్ల మీటల్ని ఒకటి నుంచి ఏడు దాకా లెక్కపెడితే వచ్చే అంకె. అంటే పల్లవిలో పై పంచమం (ప) వచ్చేసరికి హార్మోనియం మీద పై స్థాయి రెండో శ్రుతి దాకా పోవాలి. నాలుగేళ్ళ గొంతు అక్కడికి అరిస్తేనే పోతుంది, పాడితే పోదు.

ఈ వయసు పిల్లల గొంతు సుఖంగా తిరిగే చోటు చాలా చిన్నది. నా అనుభవంలో 2 శ్రుతి నుంచి 6 శ్రుతి దాకా, అంటే దగ్గర దగ్గర అయిదు స్వరాలు. ఇప్పుడు జింగిల్ బెల్స్ పల్లవి తీసుకోండి, గ గ గ, గ గ గ, గ ప స రి గ, చివరిదాకా చూసినా స రి గ మ ప దాటదు, ఉన్నవి సరిగ్గా అయిదే స్వరాలు. దీన్ని 2 శ్రుతిలో పెట్టి పాడితే పాట మొత్తం పిల్లల గొంతులో కూర్చుంటుంది, కొలిచి కుట్టిన చొక్కా మాదిరి. అదే పాట, మూడు శ్రుతులు కిందికి దించాం అంతే. పాశ్చాత్య మెట్టు (ట్యూన్) కదా మనకెట్లా అని భయపడే సంగీతం టీచర్లకి ఒక మాట, ఇది మన శంకరాభరణం స్వరాలే, ముత్తుస్వామి దీక్షితార్ ఆ కాలంలోనే బ్యాండు మెట్లకి సంస్కృతంలో సాహిత్యం కట్టి నొట్టుస్వరాలు చేశారు, అవి ఇప్పటికీ చిన్నపిల్లలకే నేర్పిస్తాం కదా.

పోయిన ఏడాది క్లాసులో 18 మంది. నలుగురు క్రైస్తవుల పిల్లలు, ఇద్దరు ముస్లింల పిల్లలు, మిగతావాళ్ళు హిందువులు, అందులో ఇద్దరి నాన్నలు కొండ మీద పనిచేస్తారు. అందరిలోకీ నేను ఎక్కువ రాసుకున్నది ఒక పిల్లోడి గురించి, పేరు రాయను, చిన్నోడు అంటా. నాలుగేళ్ళు. చంద్రగిరి పక్క పల్లె నుంచి వాళ్ళ అవ్వ రోజూ షేర్ ఆటోలో తెచ్చి దింపుతుంది. జూన్‌లో చేరాడు, నవంబర్ దాకా క్లాసులో ఒక్క మాట మాట్లాడలేదు, నాతో కాదు, పిల్లలతో కాదు. "ఇంట్లో నోరు మూయడమ్మా, ఈడికొస్తే బెల్లం కొట్టిన రాయి మాదిరి కూచుంటాడు" అనేది అవ్వ. పెద్ద చప్పుడైతే రెండు చెవులూ మూసుకుంటాడు. చెవి పరీక్ష చేయించమని వాళ్ళమ్మకి ముందే చెప్పాను, చేయించారు, వినికిడి బాగానే ఉంది, తొందరపెట్టొద్దు అన్నారంట డాక్టర్ గారు. నేను డాక్టర్ని కాదు, ఆ పిల్లోడికి ఏ పేరూ పెట్టను, చూసింది మాత్రం చెప్తా.

పాటలు మొదలుపెట్టక ముందే తల్లిదండ్రులతో ఒక పూట కూర్చున్నాం. ఇది తిరుపతి, డిసెంబర్ నడిమికి ధనుర్మాసం వచ్చేస్తుంది, కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై మొదలవుతుంది, ఇళ్ళ ముందర ముగ్గులు, ఆ వాతావరణంలో క్రిస్మస్ పాటలు ఎందుకని ఒక నాన్నగారు అడిగారు, కోపంగా ఏం కాదు, నిజంగా తెలుసుకుందామనే. జింగిల్ బెల్స్ 1857లో అమెరికాలో జేమ్స్ పియర్‌పాంట్ అనే ఆయన అచ్చు వేయించిన గుర్రపు బండి పాట, మంచు మీద జారే బండి, అందులో క్రిస్మస్ అన్న మాటే ఎక్కడా లేదు అని చెప్తే ఆయన ఆశ్చర్యపోయారు. అదే మీటింగ్‌లో ఒక క్రైస్తవ తల్లి ఇంకో పక్క నుంచి అడిగింది, "అన్నిచోట్లా మంచు బొమ్మ, శాంతా తాత, వీళ్ళే కనపడతారు మిస్, పండగ ఎవరిదో వాళ్ళ పేరు మాత్రం ఎవురూ చెప్పరు" అని. ఆమె అడిగిందీ న్యాయమే. నేను చేసింది ఏందంటే, పాటల జాబితా ముందే అందరికీ చూపించా, ఆట పాటలు ఏవి, భక్తి పాట ఏది అని విడదీసి చెప్పా, భక్తి పాటలో ఎవరి పిల్లలైనా పాడకపోతే గజ్జెలు మాత్రం పట్టుకుంటారు, బలవంతం లేదు అన్నా. కథ మాత్రం అందరికీ చెప్తా అన్నా, చోటు దొరక్క గొడ్ల మధ్య ఒక బిడ్డ పుట్టింది, చుక్క వెలిగింది, గొర్రెలు కాసేవాళ్ళు చూడటానికొచ్చారు అని. ఆ నాన్నగారే, "బిడ్డ పుట్టిన కథ చెప్పడానికి ఏముందిలెండి" అన్నారు. సంక్రాంతికి గొబ్బి పాటలు కూడా ఇట్లాగే అందరితో చేస్తామని చెప్పా, చేశాం కూడా.

మొదటి వారం మొత్తం జింగిల్ బెల్స్ పల్లవి ఒక్కటే. మన పిల్లలు మంచు చూడలేదు, పొద్దున శేషాచలం మీద పొగ మాదిరి దిగేదే వాళ్ళకి మంచు, సరే అదే మంచు అన్నాం. బండికి గంటలెందుకు అంటే మంచు మీద చక్రాల చప్పుడు ఉండదు, బండి వస్తుందని తెలియాలి కదా. ఆ మాట పిల్లలకి బలే నచ్చింది, గంగిరెద్దు వచ్చేది గంటల చప్పుడు బట్టే కదా తెలిసేది అని ఒక పాప అనింది. ఇంగ్లీషు మాటలు మూడేళ్ళ వాళ్ళ నోట్లో తిరగవు, అందుకని మొదటి మూడు రోజులు మాటలే లేవు, మెట్టు మీద ఘల్ ఘల్ ఘల్, ఘల్ ఘల్ ఘల్. కూచిపూడి క్లాసులో పక్కన పడేసిన పాత గజ్జెలు తెచ్చి, పట్టీకి నాలుగు చొప్పున గట్టి దారంతో రెండు మూడు సార్లు కుట్టి, లాగి చూసి మరీ ఇచ్చా, ఊడితే నోట్లోకే పోతాయి కాబట్టి. ఈ ఒక్క పనికి ఒక ఆదివారం పట్టింది, కానీ ప్లాస్టిక్ గిలకల చప్పుడుకి, ఇత్తడి గజ్జె చప్పుడుకి చాలా తేడా ఉంది, పిల్లలు ఇత్తడిని వింటారు, ప్లాస్టిక్‌ని ఊపుతారు.

ఇంక అసలు పద్ధతి. పాటలో నేను ఒక ఖాళీ వదులుతా. ఘల్ ఘల్ అని ఆపేస్తా, మూడో ఘల్ పాడను. చేతులు గాల్లో, కళ్ళు పెద్దవి చేసి అందరినీ చూస్తా, నోరు మాత్రం తెరవను. ఆ ఖాళీని పిల్లలు భరించలేరు, ఎవరో ఒకరు నింపేస్తారు. మొదటిసారి ఒకరు, రెండోసారి పది మంది. నింపమని అడగకూడదు, అడిగితే అది పరీక్ష అయిపోతుంది. ట్రాక్ ఈ పని చేయలేదు, అది ఎవరి కోసమూ ఆగదు. మూడేళ్ళ పిల్లకి మాట నోటికి రావడానికి రెండు సెకన్లు ఎక్కువ పట్టొచ్చు, ఆ రెండు సెకన్లు మనిషి మాత్రమే ఇవ్వగలదు.

చిన్నోడు మొదటి రోజు గజ్జెలు తీసుకుని చాప మీద పెట్టేశాడు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఖాళీ వచ్చినప్పుడు ఎందుకో మిగతా పిల్లలు కూడా ఆగిపోయారు, ఆ నిశ్శబ్దంలో ఒక్క గజ్జె మోగింది. చూస్తే వాడి వేలు. పట్టీ చేతికి కట్టుకోలేదు, చాప మీదనే ఉంది, చూపుడు వేలితో ఒకే ఒక గజ్జెని కదిపాడు. నేను వాడి వైపు చూడలేదు, బలే బలే అనలేదు, పాట కొనసాగించా. పొగిడి ఉంటే ఇంకో నెల వేలు కదిపేవాడు కాదని నాకు గట్టి నమ్మకం.

రెండో వారం పాడు చేసుకున్నా. 1941లో అమెరికాలో కేథరిన్ డేవిస్ రాసిన డోలు పిల్లోడి పాట ఒకటి ఉంది, బిడ్డకి ఇవ్వడానికి ఏమీ లేక డోలు వాయించి వినిపించే పేదపిల్లోడు. కథ నాకు చాలా ఇష్టం. గంగ జాతరలో పలక డప్పులు విన్న పిలకాయలు కదా, డోలంటే ఎగురుతారు అనుకుని పాలపొడి డబ్బాలు, స్టీలు ప్లేట్లు పంచా. ఎగిరారు, నిజమే. రెండు నిమిషాల్లో గది దద్దరిల్లింది, పాట ఎక్కడో కొట్టుకుపోయింది, చిన్నోడు చెవులు మూసుకుని గోడ మూలకి పోయి ముఖం అటు తిప్పి కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు క్లాసులు వాడు చాప మీదకే రాలేదు. డబ్బాలు అన్నీ ఎత్తి పెట్టేసి, అట్టముక్క మీద వేళ్ళ కొసలతో వాన చినుకుల మాదిరి తట్టడం పెట్టా. మొదటే అట్లా చేసుంటే బాగుండు. పన్నెండు రోజుల కానుకల పాట కూడా ఈ వారమే ప్రయత్నించి మానేశా, ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటూ పోయే పాట, ఈ వయసుకి నాలుగో కానుక దగ్గరే గుర్తు ఆగిపోతుంది, ఏడెనిమిదేళ్ళ పిల్లలకైతే బంగారం లాంటి పాట.

వాడిని చాప మీదకి తెచ్చింది చుక్క పాట. ట్వింకిల్ ట్వింకిల్ మెట్టు అందరు పిల్లలకీ వస్తుంది, ఏబీసీడీ పాడేదీ అదే మెట్టు, అది మొదట 18వ శతాబ్దం ఫ్రాన్సులో పుట్టింది. స స ప ప ద ద ప, ఆరే స్వరాలు. మెట్టు కొత్తగా నేర్పే పని లేదు కాబట్టి దాని మీద తెలుగు మాటలు నేనే కట్టా, పాదానికి ఏడు అక్షరాలు వచ్చేటట్టు. మొదట "పాక దారి చూపరా" అని రాశా. పిల్లల్ని దింపేటప్పుడు గుమ్మం దగ్గర పాడి చూస్తుంటే చిన్నోడి అవ్వ నిలబడి వినింది. "పాక అంటే ఏందమ్మణ్ణీ, గొడ్లుండేది కొట్టంలో గదా" అనింది. నిజమే కదా. ఆ సాయంత్రం మార్చేశా.

చిన్ని చిన్ని చుక్క రా
కొట్టం దారి చూపరా
గొర్రె పిల్ల మేలుకో
బిడ్డ నవ్వె చూడు పో

మరుసటి రోజు కొట్టం అన్న మాట వినగానే చిన్నోడు తల ఎత్తాడు. వాళ్ళింట్లో ఆవు, అప్పుడే ఈనిన దూడ ఉన్నాయని తర్వాత తెలిసింది. వాడి ఇంట్లో రోజూ పలికే మాట, స్కూల్లో ఎప్పుడూ వినపడని మాట, పాటలోకి వచ్చేసింది. మూల నుంచి చాప అంచుకి జరిగాడు. పెదాలు కదిలాయి, గొంతు రాలేదు. నాకు అది చాలు అనిపించింది ఆ రోజుకి.

మూడో వారం శుద్ధరాత్రి, అంటే ఇంగ్లీషులో సైలెంట్ నైట్. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తా, ఎందుకంటే ఎక్కువమంది టీచర్లు పిల్లల చేత తప్పుగా పాడించేది ఇదే. 1818 డిసెంబర్ 24న ఆస్ట్రియాలో ఓబెర్న్‌డార్ఫ్ అనే చిన్న ఊరి చర్చిలో మొదటిసారి పాడారు దీన్ని, మాటలు యోసెఫ్ మోర్ అనే యువ కాథలిక్ ఫాదర్‌వి, మెట్టు ఫ్రాంజ్ గ్రూబర్‌ది, ఆయన పక్క ఊళ్ళో బడి పంతులు. తోడుగా వాయించింది ఒక గిటార్ మాత్రమే. ఇద్దరు మనుషులు, ఒక గిటార్, అంత మెత్తగా పుట్టిన పాట. దాన్ని తెచ్చి స్పీకర్లో పెట్టి ముప్పై మంది చేత అరిపిస్తున్నాం. పైగా మెట్టు చూడటానికి నెమ్మదిగా ఉంటుంది కానీ కింది షడ్జం (స) నుంచి తారస్థాయి మధ్యమం (పై మ) దాకా పోతుంది, పెద్దవాళ్ళకే ఊపిరి ఆడదు, నాలుగేళ్ళ పిల్లలకి అది న్యాయం కాదు. నా పద్ధతి ఏమంటే పాట నేను పాడతా, పిల్లలు బొమ్మనో దిండునో ఒళ్ళో పెట్టుకుని ఊపుతారు, మూడేసి దెబ్బల నడక కాబట్టి ఊయల దానంతట అదే కుదురుతుంది. వాళ్ళ వంతు మొదటి ముక్క మాత్రమే, ప ద ప గ, అది కూడా నోరు మూసుకుని మ్ అని.

తెలుగులో ఇది ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఉంది. మన ఊళ్ళో లూథరన్ చర్చికి పోయే ఇళ్ళల్లో పెద్దవాళ్ళకి కంఠతా వచ్చు, మా క్లాసులో ఒక పాప వాళ్ళ తాత దగ్గర నేర్చుకుని వచ్చింది. మొదటి పాదంలోనే సద్దణంగ అని ఒక మాట వస్తుంది. ఒక పిల్లోడు దాన్ని సద్దన్నం అని విని, "బిడ్డ రాత్రి పూట సద్దన్నం తినింటాడా మిస్" అని అడిగాడు, చాలా దిగులుగా అడిగాడు, వాడికి ఇష్టం లేదు కాబోలు. అప్పుడు చెప్పా, సద్దు అంటే చప్పుడు, సద్దు అణిగింది అంటే ఊరంతా చప్పుడు పోయి నిద్రపోయింది అని. సద్దు మన చిత్తూరు వైపు ఇంటి మాటే, అవ్వలు రోజూ అంటుంటారు, పుస్తకాల తెలుగు అనుకున్నది పిల్లల నోట్లోనే ఉంది.

ఆ క్లాసులోనే జరిగింది. పిల్లలు బొమ్మల్ని ఊపుతున్నారు, నేను పాడుతున్నా, వెనక ఇద్దరు గుసగుసలాడుకుని నవ్వారు. చిన్నోడు దిండుని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వాళ్ళ వైపు తిరిగి, నోటి మీద వేలు పెట్టి, "సద్దు చెయ్యాకండి" అన్నాడు. మెల్లగానే, కానీ తేటగా. గది మొత్తం ఆగిపోయింది. ఆరు నెలల్లో వాడి గొంతు విన్నది అదే మొదలు. ఆ ఇద్దరిలో ఒకడు నా వైపు చూసి "వీడికి మాటలొచ్చాయి మిస్" అన్నాడు, నేను "ఊ, బిడ్డ నిద్రపోతా ఉండాడు" అని మాత్రమే అని పాట ఎత్తుకున్నా. గొంతు వణికింది నాది.

నాలుగో వారం కొత్తది ఏమీ నేర్పలేదు, మూడు పాటలే తిప్పి తిప్పి పాడుకున్నాం. రెడ్ నోస్ జింక పాట కావాలని ఒక తల్లి అడిగితే కథ మాత్రం చెప్పి, ముక్కుకి ఎర్ర స్టిక్కర్ పెట్టి వదిలేశా. అది 1939లో ఒక షాపు వాళ్ళు పిల్లలకి పంచిన పుస్తకంలో కథగా పుట్టి, 1949లో పాటగా రికార్డయింది, మాటలు ఎక్కువ, గొంతు పైకీ కిందికీ బాగా తిరగాలి.

23వ తేదీ సాయంత్రం తల్లిదండ్రుల్ని పిలిచాం. స్టేజీ లేదు, మైకు లేదు. లోపలి గుండ్రంలో పిల్లలు, బయటి గుండ్రంలో పెద్దవాళ్ళు, అందరూ నేల మీదే. ఫోన్లు చివరి పాట దాకా తీయొద్దని అడిగా, ఒకరిద్దరు తప్ప అందరూ మాట నిలబెట్టుకున్నారు. ఖాళీలు వదిలినప్పుడు పెద్దవాళ్ళు కూడా నింపారు, మీటింగ్‌లో అడిగిన ఆ నాన్నగారు గజ్జెలు పట్టుకుని ఘల్ అన్నారు. 18 మందిలో పాడినవాళ్ళు నా లెక్కకి పదమూడు మంది, ముగ్గురు గజ్జెలు మాత్రం వాయించారు, ఒక పాప వాళ్ళమ్మ ఒళ్ళో నిద్రపోయింది. చిన్నోడు కొట్టం దారి చూపరా అన్న పాదం ఒక్కటి పాడాడు, పక్కనున్న అవ్వకి, ముందున్న నాకు వినపడింది, అంతకు మించి ఎవరికీ వినపడలేదు. చివరికి కజ్జికాయలు, నిప్పట్లు, ఒకరింటి నుంచి కేకు, అందరూ తిని ఇళ్ళకి పోయారు.

పాట వల్లే మాట్లాడాడు అని నేను చెప్పను. ఆరు నెలల పాటు ఎవరూ వాడిని తొందరపెట్టలేదు, అవ్వ ఒక్కరోజు కూడా మానకుండా తెచ్చింది, అదంతా కలిసే ఉంటుంది. ఇప్పటికీ క్లాసులో ఇద్దరితోనే మాట్లాడతాడు, నేను అడిగితే తల ఊపుతాడు. కానీ ఏ పాట ఎంచుకున్నాం, ఏ శ్రుతిలో పెట్టాం, ఎక్కడ ఆగాం అన్నదాంట్లో తేడా ఉంది, డబ్బాల వారం, కొట్టం వారం రెండూ నేను పక్కపక్కనే చూశా. ఈసారి చేసేటప్పుడు డబ్బాలు అసలు తీయను, పాట మాటలు పిల్లల ఇళ్ళల్లో అవ్వలకి ముందే వినిపిస్తా.

సంక్రాంతి సెలవుల తర్వాత అవ్వ గుమ్మం దగ్గర ఆగింది. పొద్దున పాలు పిండేదానికి కొట్టంలోకి పోతే చిన్నోడు ముందే అక్కడ ఉన్నాడంట, దూడ పక్కన గొంతుక్కూర్చుని మ్ అని ఆ మెట్టు తీస్తున్నాడంట. చెంబు కింద పెట్టిన చప్పుడికి తిరిగి చూసి, "అవ్వా, సద్దు చెయ్యాకు, దూడ పండుకోనుండాది" అన్నాడంట.